చిల్లు డాలరు

"చిల్లిగవ్వకు కొరగాదు" అని మనం అంటూ ఉంటాం. కానీ చిల్లు పెట్టినందువల్లనే విలువ పెరిగిన నాణెం ఒకటుంది. దాని పేరు హోలీ డాలరు. హోలీ అనగానే పరిశుద్ధమైనదని అనుకోకండి! ఇంగ్లీషులో హోల్ అంటే రంధ్రం, దానినిబట్టి వచ్చిన పేరు అది.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ ఆ రోజుల్లో బ్రిటిషువారు నేరస్థులను ఓడలకెక్కించి పంపే వలస ప్రాంతం. అక్కడ డబ్బుకు ఎప్పుడూ కటకటే. వచ్చిన నాణేలు సరుకు తెచ్చిన ఓడలవాళ్లతోనే వెళ్లిపోయేవి. రమ్ము అనే సారాయే డబ్బుగా చెల్లేది, కూలి కూడా దానితో ఇచ్చేవారు. కూలికి బదులు సారాయి వచ్చిన ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో మన పల్లెల తల్లులకు వేరే చెప్పనక్కరలేదు.

1812 నవంబరులో సమరాంగ్ అనే ఓడ 40,000 స్పానిష్ వెండి డాలర్లను సిడ్నీకి తెచ్చింది. ఎక్కడినుండి అనుకున్నారు? మన మద్రాసు నుండే! మెక్సికో, పెరూ వంటి స్పెయిను వలసల్లో ముద్రించిన ఆ డాలర్లు అప్పట్లో ఏ రేవులోనైనా చెల్లేవి. చిక్కంతా అక్కడే. ఎక్కడైనా చెల్లే డబ్బు ఆ ఊళ్లో నిలుస్తుందా?

అందుకే గవర్నరు లాక్లన్ మాక్వారీ వాటి నడుమ తొలిపించాడు. ఉంగరంలా మిగిలిన దానిమీద ఒకవైపు న్యూ సౌత్ వేల్స్ 1813 అనీ, రెండోవైపు ఐదు షిల్లింగులనీ ముద్ర వేయించాడు. ఊడివచ్చిన చిన్న బిళ్లకు 15 పెన్నీల విలువ కట్టాడు. షిల్లింగుకు 12 పెన్నీలు. సుమారు 5 షిల్లింగుల డాలరు రెండు ముక్కలై 6 షిల్లింగుల 3 పెన్నీలైంది! ఆ విలువ ఆ వలసలోనే. పొలిమేర దాటితే మిగిలిన వెండి బరువుకే ధర, అందుచేత పట్టుకుపోయినవాడికే నష్టం.

ఇంతటి పని ఎవరి చేతిలో పెట్టాడో చూడండి. విలియం హెన్షాల్. దొంగ నాణేల నేరానికే శిక్షపడి అక్కడికి వచ్చినవాడు! పని ముగియడానికి ఏడాదికి పైగా పట్టింది, 39,910 ఉంగరాలు తయారయ్యాయి. కొన్ని ముద్రల్లో తన పేరు మొదటి అక్షరం "హెచ్" చిన్నగా చెక్కుకున్నాడు. దొంగ నాణెం చేసేవాడు దానిమీద తన పేరు వేసుకోడు కదా.

1822 నుండి ప్రభుత్వం వాటిని వెనక్కు తీసుకుంది, 1829లో చెల్లుబాటు ఆగిపోయింది. చాలా వరకు కరిగిపోయి, నేటికి సుమారు 300 మాత్రమే మిగిలాయి.