మ్యూట్ చేసి భజన ఏమిటి?



ఈ ధనుర్మాసం భజన కూడా జూమ్‌లోనే పెడదామని గ్రూపులో కొందరు రాశారు. ముసలివాళ్లకు సౌకర్యం, కోయంబత్తూరు, మదురై ఒకటిగా చేరతాయి అన్నారు. చేరడం మాకూ ఇష్టమే. కానీ 2020 లాక్‌డౌన్ నుంచి మనం చేస్తున్నదేమిటి? ఒకరు పాడతారు, మిగతా అందరూ మ్యూట్. అది భజన కాదు, రేడియో.

రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్లం, మాకు తెలిసిన మాటలో చెబుతాం. సింగిల్ లైన్‌లో ఒక బండి ఉండగా రెండోదానికి టోకెన్ ఇవ్వరు. జూమ్ కూడా అంతే. అది మాటలకోసం చేసింది. ఒక గొంతును పట్టుకుని మిగతావాటిని చప్పుడని అణిచేస్తుంది. తాళాలను కూడా చప్పుడనే అనుకుంటుంది.

"దూరం వల్ల ఆలస్యం, ఏం చేస్తాం?" అంటారు. తప్పు. కలిసి పాడేవాళ్లు సుమారు 30 మిల్లీసెకన్ల ఆలస్యం వరకు తాళం తప్పకుండా నిలుస్తారు. పది మీటర్ల దూరంలో కూర్చున్నవాడి గొంతు మనకు చేరడానికి పట్టే సమయం అది. ఫైబర్ తీగలో వెలుగు మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లు పోతుంది. మదురై మాట చెన్నై చుట్టి కోయంబత్తూరు వచ్చినా ఐదారు మిల్లీసెకన్లే. మిగతా ఆలస్యం వైఫైది, బ్లూటూత్‌ది, మన సాఫ్ట్‌వేర్‌ది. జామ్యులస్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కలిసి వాయించడానికే చేసింది. ల్యాప్‌టాప్, నెట్ తీగ, తీగ ఉన్న హెడ్‌ఫోన్ చాలు. అమెరికా పిల్లలతో మాత్రం కుదరదు, అంత దూరానికి వెలుగే ఆలస్యం. వాళ్లు వినొచ్చు.

ఇంత పట్టుదల ఎందుకంటే, మేము తమిళ మీడియంలో చదివినవాళ్లం. మన భజన నోటుబుక్కులు తమిళ అక్షరాల్లో ఉన్నాయి. అందులో బలం, ఫలం రెండూ ఒకేలా రాస్తాం. క, గ ఒకటే అక్షరం. త్యాగరాజస్వామి మాటలు మాకు ఎవరు దిద్దారు? పక్కన కూర్చుని పాడిన అవ్వ, తాత. తప్పు పలికితే తొడమీద చరిచి మళ్లీ పాడించారు. ఆయన దివ్యనామ కీర్తనలు పదిమంది నోటితో కలిసి పాడడానికే చేశారు. ఇప్పుడు మ్యూట్‌లో ఉన్న మనవడు ఫలాన్ని పలం అంటే ఎవరికి వినబడుతుంది? మన తెలుగు బడిలో లేదు, బోర్డుమీద లేదు, నోట్లో ఉంది. ఆ నోటినే మూసి, చెవి తెరవమంటున్నాం.

అందుకే మా మాట ఇది. రాగలిగినవాళ్లు గుడికి రండి. రెండు ఊళ్లలో ఐదుగురేసి ఒక నెల ముందునుంచి జామ్యులస్‌లో సాధన చేయండి. ఆ ఐదుగురిలో ఇద్దరు పిల్లలుండాలి. మొదటివారం గందరగోళంగానే ఉంటుంది, ఓర్చుకోండి. కుదరకపోతే ఏ ఊరి భజన ఆ ఊళ్లోనే చేసుకుందాం, నష్టం లేదు.

వచ్చే మీటింగులో దీన్ని పెట్టండి. తీగ, హెడ్‌ఫోన్ ఖర్చులో మా వంతు మేము ఇస్తాం.