గణితానికి తెలుగు చాలదా? చాలనిది మన బోధన

ఉపాధ్యాయ మిత్రులకు, తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ మాటలు కొందరికి కటువుగా తోచవచ్చును. అయినను చెప్పక తప్పదు.

తమిళనాట తెలుగు మాధ్యమంలో గణితం బోధించేవాడిని. పదవ తరగతిలో ప్రమేయాల పాఠం వచ్చినప్పుడెల్లా ఒకే మాట వినవలసి వస్తున్నది. "సార్, ప్రదేశం, వ్యాప్తి అంటే పిల్లకు తలకెక్కడం లేదు. డొమైన్, రేంజ్ అంటే సులభమంట. ఇంగ్లీషు మీడియంలో చేర్పిస్తాం, టీసీ ఇవ్వండి." ఈ మాట పలికే తల్లిదండ్రులను నేను నిందించను. వారికి ఆ మాట అప్పగించినవారు మనలోనే ఉన్నారు. తెలుగులో గణితం చెప్పలేమని పిల్లల ముందే నిట్టూర్చే ఉపాధ్యాయులే వారు.

ఈ వాదాన్ని పరీక్షిద్దాము. పక్క గదిలో తమిళ మాధ్యమపు పిల్లలు ఇదే పాఠాన్ని సార్పగం, వీచ్చగం అనే మాటలతో చదువుకొంటున్నారు. తమిళం గణితానికి చాలదని వారి ఉపాధ్యాయులు ఎన్నడూ అనలేదు. ఇక వ్యాప్తి అనే మాటకు రెండు అర్థాలున్నాయని కొందరి ఆక్షేపణ. గరిష్ఠ, కనిష్ఠ విలువల భేదాన్ని కూడ సాంఖ్యకశాస్త్రంలో వ్యాప్తి అనే అంటాము, నిజమే. ఇంగ్లీషులో ఆ రెండింటికీ రేంజ్ అనే మాటే గదా! అక్కడ దోషం కానిది ఇక్కడ దోషమెట్లయినది?

దోషం మాటలో లేదు. చిత్రాన్ని చూపకుండ నిర్వచనాన్ని అప్పజెప్పించడంలో ఉన్నది.

గ్రాఫును పలకమీద గీయండి. వక్రం మీద నిలువుగా వెలుగు పడితే అడ్డ అక్షం మీద ఎంత మేర నీడ పరచుకొనునో అదే ప్రదేశం. పక్కనుండి వెలుగు పడితే నిలువు అక్షం మీద పడే నీడ వ్యాప్తి. నీడ తెలియని పిల్ల లేదు. ఈ రెండు వాక్యాలు చెప్పడానికి ఏ పరభాష అవసరమైనది?

సంఖ్యకు దాని వర్గాన్ని ఇచ్చే ప్రమేయాన్ని తీసుకొనండి. −1 నుండి 3 వరకే గీయండి. −1 వద్ద నిండు చుక్క, 3 వద్ద బోలు చుక్క పెట్టండి. నిండు చుక్క ఉన్న విలువ చేరును, బోలు చుక్క ఉన్నది చేరదు. ప్రదేశం −1 మొదలు 3 కంటె తక్కువ వరకు. వ్యాప్తి ఎంత? నిర్వచనం కంఠస్థం చేసిన పిల్లలు రెండు కొనల విలువలు లెక్కగట్టి, 1 నుండి 9 వరకు అని వ్రాస్తారు. అది తప్పు. వక్రం నడుమ దిగి 0ను తాకి మరల పైకి పోయినది. కనుక వ్యాప్తి 0 మొదలు 9 కంటె తక్కువ వరకు. నీడను చూసిన పిల్ల ఈ తప్పు చేయదు. డొమైన్, రేంజ్ అని వల్లించిన పిల్ల కూడ నీడను చూడకపోతే ఈ తప్పే చేయును. మాధ్యమం మార్చినంత మాత్రాన ఒరిగినదేమి?

ఇక వక్రపు కొనలు ఎటు పోవుననే ప్రశ్న. దీనికి తెలుగులో స్థిరపడిన మాట లేదని వాపోనక్కరలేదు. "కుడివైపు ఎంత దూరం పోయినా చివరకు ఏమగును? ఎడమవైపు ఏమగును?" అని అడిగితే చాలును. ఒక సంఖ్య ఘనం నుండి దాని వర్గానికి 50 రెట్లు తీసివేసే ప్రమేయాన్ని చూడండి. 10 వద్ద విలువ −4,000. అక్కడికే కాగితం అయిపోతే వక్రం పాతాళానికి పోవుచున్నదని పిల్లలంటారు. 100 వద్ద అదే ప్రమేయం విలువ 5,00,000. 1,000 వద్ద 95 కోట్లు. దూరం పోయినకొద్దీ పెద్ద ఘాతమే గెలుచునని, దాని గుర్తే కొనల దిక్కును నిర్ణయించునని అప్పుడు బోధపడును. కాగితం అంచు వక్రానికి అంచు కాదని, కొన వద్ద బాణపు గుర్తు ఉంటే అది ఇంకను సాగునని కూడ అప్పుడే చెప్పాలి.

రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350ఏ అధికరణం మాతృభాషా బోధనకు సౌకర్యాలు కల్పింప యత్నించవలెనని చెప్పినది ప్రాథమిక దశకే. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో ఇక్కడ పదవ తరగతి వరకు తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైనది. తమిళం నేర్వవద్దని మనము అనము, అనరాదు. అయితే ఉన్నత పాఠశాలలో తెలుగు నిలిచే చోట్లు తగ్గిపోయినవి. అట్టి చోట్లలో గణితపు తరగతి ఒకటి. దానిని కూడ మన చేతులతోనే ఖాళీ చేస్తే తరగతిగదికి తాళం వేయడానికి ప్రభుత్వపు ఉత్తర్వు కూడ అక్కరలేదు.

తల్లిదండ్రులారా, టీసీ అడుగుటకు ముందు ఒక గ్రాఫు గీసి మీ బిడ్డను ప్రశ్నించండి. ఉపాధ్యాయులారా, నిర్వచనం వ్రాయించుటకు ముందు నీడను చూపండి. ఇంగ్లీషు మాటలను కూడ పక్కనే నేర్పండి. పై చదువులకు అవి కావలసినవే. కాని మొదట అర్థం, తరువాత మాట. ఆ అర్థం బిడ్డ ఇంటిలో మాట్లాడే భాషలో అందాలి. అది ఇవ్వలేనినాడు చేతకానిది మనకే, తెలుగుకు కాదు.