తెంపింది మనమే

అమెరికా పోయిన పిల్లలు ఊరిని మరిచిపోయారని మన బొగ్గుగనుల ఊరు మణుగూరులో ఎవరిని కదిపినా చెబుతారు. ఫోన్లు చేయరట, పండక్కి రారట, కన్నవాళ్లను ఒంటరిగా వదిలేశారట. ఈ ఫిర్యాదు చాటున మనం మన తప్పు దాచుకుంటున్నాం. బంధం డాలస్‌లో తెగలేదు. ఇక్కడే, మన ఇళ్లలోనే తెగింది.

బొగ్గుబాయి దిగిన ప్రతి తండ్రీ తన కొడుకు బాయి దిగొద్దనే కోరుకున్నాడు. ఆ కోరికలో తప్పు లేదు. బొగ్గు దుమ్ము పీల్చినవాడికే ఆ కష్టం తెలుసు. కానీ దానితోపాటు "ఈ ఊళ్లో ఏముందిరా?" అనే మాటనూ పిల్లల చెవిలో పోశాం. ఇంటర్‌కే విజయవాడ, హైదరాబాద్ హాస్టళ్లలో వేశాం. రిటైర్మెంటు డబ్బులు, లాభాల వాటా, బ్యాంకు లోను అన్నీ కలిపి విమానం ఎక్కించాం. పోయినవాడు గెలిచాడన్నాం, ఉన్నవాడు చేతగానివాడన్నాం. చిన్నప్పటి నుంచీ ఇదే నూరిపోసి, ఇప్పుడు ఊరంటే ప్రేమ లేదని నిందిస్తే ఎట్లా?

పోయినవాళ్లను మనం అడిగిందల్లా డబ్బే. బడికి ఆర్వో ప్లాంటు, గుడికి ముఖద్వారం, అన్నదానానికి చందా. పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి పిలిచి, శాలువా కప్పి, మైకులోనే ఎంతిస్తావని అడిగాం. ఇచ్చిన పైసకు లెక్క పంపలేదు. పెట్టించిన ప్లాంటు మూలన పడితే ఆ సంగతీ చెప్పలేదు.

వాళ్ల చదువును మాత్రం ఎన్నడూ అడగలేదు. ఓపెన్‌కాస్ట్ గనుల బ్లాస్టింగులకు గోడలు పగులుతుంటే, డంపర్ల దుమ్ము అన్నంలో పడుతుంటే, దీనికి మార్గమేమిటని ఏ ఇంజినీరు బిడ్డనైనా అడిగామా? మన పక్కనే 1080 మెగావాట్ల భద్రాద్రి విద్యుత్ కేంద్రం కడుతున్నప్పుడు, పాత సబ్‌క్రిటికల్ టెక్నాలజీ ఎందుకని రాష్ట్రంలో పెద్ద వాదనే నడిచింది. ఆ టెక్నాలజీ తెలిసిన మన పిల్లలు దేశదేశాల్లో ఉన్నా ఊరి తరఫున ఒక్క సలహా కోరలేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు ఎక్కితే వాళ్లకు వీడియోలు పంపాం. నీళ్లు తీశాక, మళ్లీ అంత వరద వస్తే ఏం చేయాలో వాళ్లతో కలిసి ఆలోచించలేదు.

వీటన్నిటికంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. ఈ నేలకు మనలో చాలామందిమి వలస వచ్చినవాళ్లమే. 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలుపెట్టిన సింగరేణి, దశాబ్దాల తర్వాత మణుగూరు చేరితే, ఉద్యోగం వెంట మనమూ వచ్చాం. అంతకు ముందు నుంచీ ఇది కోయ గిరిజనుల నేల. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకూడదని 1/70 చట్టం చెబుతుంటే, మనం బినామీ పేర్లతో ప్లాట్లు కొన్నాం. పిల్లల డాలర్లనూ అందులోనే పెట్టించాం. ఇన్నేళ్లు పక్కపక్కనే బతికి, కోయ భాషలో మంచినీళ్లు అడగడం కూడా నేర్చుకోలేదు. అమెరికాలో పుట్టిన మనవడికి తెలుగు రాదని ఇంకే నోటితో అంటాం? బతుకునిచ్చిన నేలతో ఎట్లా మెలగాలో పిల్లలు మనల్ని చూసే నేర్చుకున్నారు.

ఈ గోదావరి సముద్రంలో కలిసే చోట, కోరంగి రేవులో, 19వ శతాబ్దంలో తెలుగు కూలీలు మారిషస్ ఓడలెక్కారు. వాళ్ల వారసులు నేటికీ ఉగాది చేసుకుంటారు, రామభజన చేస్తారు. ఊరు వదిలిపోవడమే గొప్పని ఆ కూలీలకెవరూ నేర్పలేదు. పొట్టకూటికి పోయారు, ఊరిని గుండెల్లో పెట్టుకుపోయారు. మన పిల్లల గుండెల్లో పెట్టి పంపడానికి మనం ఏం మిగిల్చాం?

ఇకనైనా ఎంత పంపుతావనే ప్రశ్న మాని ఊరి గోడు చెబుదాం. తీసుకున్న ప్రతి రూపాయికీ లెక్క పంపుదాం. వాళ్ల చదువును మన బడికి, మన గాలికి, మన నదికి అడుగుదాం. కోయగూడెం పిల్లలకు ఫోన్‌లో వారానికో గంట లెక్కలు చెప్పమందాం. బినామీ భూముల జోలికి పోవద్దని మనమే ముందు చెబుదాం. ఇక్కడ బతుకుతూ ఈ నేలకు మనం సొంతం కాలేకపోతే, సముద్రాల అవతల ఉన్నవాళ్లను సొంతం కమ్మని అడిగే హక్కు మనకు లేదు.