సుగ్గి బాటలో పలక జారిపోరాదు

దీపావళి వెళ్లేసరికి కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఇళ్లకు తాళాలు పడడం మొదలవుతుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, హొళగుంద ప్రాంతాల్లో వానకారు పంట ఇంటికి చేరగానే చేతికి పని వుండదు. తుంగభద్ర పక్కనే పారుతున్నా మెట్ట పొలాలకు నీరెక్కదు. అప్పులవాళ్లు మాత్రం వాకిట్లో వుంటారు. అందుచేత మూటాముల్లె కట్టుకుని కుటుంబాలు గుంటూరు, పల్నాడు జిల్లాల మిరప చేలకు బయలుదేరుతాయి. దీనినే ఈ ప్రాంతంలో 'సుగ్గికి పోవడం' అంటారు. సుగ్గి అంటే కన్నడంలో కోతకాలం. పేరులో పంట సంబరం వుంది గాని, పోయేవారి బతుకులో అది లేదు.

పోయినవారు తిరిగి వచ్చేది ఉగాదికి. ఈలోగా వారి పిల్లల చదువు ఏమవుతున్నదన్నదే ఇప్పుడు ఆలోచించవలసిన విషయం.

రాష్ట్రంలో బడులు జూన్ రెండో వారంలో తెరుచుకుని ఏప్రిల్ చివరి వరకు సాగుతాయి. పదిన్నర నెలల ఈ కాలంలో నాలుగు నెలలకు పైగా పిల్లవాడు మిరప చేలో గడిపితే మిగిలేది సగం చదువే. రెండో తరగతి పిల్లవాడు అప్పుడప్పుడే గుణింతాలు దాటి వత్తులు పట్టుకుంటుంటాడు. నాలుగు నెలలు పలక ముట్టకపోతే పట్టుకున్నది కాస్తా జారిపోతుంది. ఉగాదికి వచ్చేసరికి తోటివారు రెండు పాఠాలు కాదు, రెండు మెట్లు ముందుంటారు. వీడు వెనక బెంచీకి చేరతాడు. అయ్యవారు అడిగితే తలవంచుకుంటాడు. ఆ సిగ్గుతోనే బడికి రావడం తగ్గిస్తాడు. రెండు మూడేళ్లు ఇలా గడిస్తే వాడు సుగ్గికి వెళ్లేది తల్లి వెంట పిల్లవాడిగా కాదు, లెక్కకు వచ్చే కూలీగా. బడి మానిన రోజు ఏదని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఒక్కరోజున మానినది కాదు గనుక.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. చంటిబిడ్డను ఎత్తుకోవడానికి, గుడారం దగ్గర నీళ్లు పట్టి గంజి కాయడానికి ఎనిమిదేళ్ల అక్కను వెంట తీసుకుపోతారు. ఆమె కూలి డబ్బు ఎవరి లెక్కలోనూ వుండదు. ఆమె పోగొట్టుకున్న చదువు కూడా ఎవరి లెక్కలోనూ వుండదు.

ఇది పడమటి కర్నూలుకే పరిమితమైన బాధ కాదు. ఉమ్మడి కడప జిల్లా మెట్ట గ్రామాల నుంచి ఇంటిల్లిపాదీ బెంగళూరు కట్టడం పనులకు వెళ్లడం, రాయచోటి, రాజంపేట ప్రాంతాల తల్లులు బిడ్డలను అవ్వాతాతలకు అప్పగించి కువైట్ పోవడం కొత్త విషయాలు కావు. 1981లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు నదీతీర గ్రామాలు ఎన్నో చెదిరిపోయాయి. 2020లో గండికోట జలాశయానికి నీరు నింపినప్పుడు కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది. కారణం ఏదైనా ఇల్లు కదిలినప్పుడు మొదట మూటలో చేరేవి గిన్నెలు, దుప్పట్లు. మొదట మరిచిపోయేది పుస్తకం.

కరువు సీమలో ఈ కథ రెండు వందల ఏళ్ల నాటిది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో బడులు ఎన్ని వున్నాయో లెక్క చెప్పమని కలెక్టర్లను ఆదేశించాడు. అప్పటి బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో నివేదిక పంపాడు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు బళ్లారి జిల్లాలోనివే గనుక ఆ నివేదిక ఈ ప్రాంతం గురించినదే. తొమ్మిది లక్షల పైచిలుకు జనాభాకు 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు మాత్రమే వున్నారని ఆయన లెక్క తేల్చాడు. బీదరికం పెరిగి, చేతులు కాస్త పనికి ఆగగానే పిల్లలను తల్లిదండ్రులు పనిలో పెట్టుకోక తప్పడంలేదని కూడా రాశాడు. ఆ మాట నేటికీ పూర్తిగా పాతబడలేదన్నది విచారకరం. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత నూటికి అరవైకి చేరలేదు. రాష్ట్ర సగటు అప్పటికి 67 శాతం.

అదే నివేదికలో మరొక సంగతి వుంది. ఆనాటి వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పేవారు. ఖర్చు తక్కువ, ఫలితం బాగు అని క్యాంప్‌బెల్ ఆ పద్ధతిని మెచ్చుకున్నాడు. సుగ్గికి పోయే కుటుంబాలకు నేడు పనికి వచ్చేది సరిగ్గా ఈ పద్ధతే.

పిల్లవాడిని వెంట తీసుకుపోక తప్పని కుటుంబం ఆ నాలుగు నెలలూ చదువును తన గుడారంలోనే నిలుపుకోవచ్చు. తల్లికి చదువు రాదు, తండ్రికి తీరిక లేదు, ఎలాగని అడగవచ్చు. కాని ఒక మేస్త్రీ కింద పది పదిహేను కుటుంబాలు కలిసి వెళతాయి. అందులో ఏడో ఎనిమిదో తరగతి చదివినవారు ఒక్కరైనా వుండకపోరు. పొద్దుగుంకి వంట పొయ్యి వెలిగిన తర్వాత ఆ ఒక్కరు ముప్పావు గంట కూర్చుంటే చాలు. అయిదారుగురు పిల్లలు దీపం చుట్టూ చేరితే అదే బడి. ఆ చెప్పేవారికి కూలీలందరూ కలిసి వారానికి ఇంత అని ముట్టజెప్పినా అది వృథా ఖర్చు కాబోదు.

చిన్న తరగతుల పిల్లలకు కావలసినది పెద్ద శాస్త్రం కాదు. రోజూ ఒక పేజీ పైకి చదవాలి. అయిదు వాక్యాలు చూసి రాయాలి, రెండు వాక్యాలు చూడకుండా రాయాలి. పది లెక్కలు చేయాలి. వాచకం పోతే ఎరువుల సంచి మీద అక్షరాలున్నాయి, బస్సు నుదుటన ఊరి పేరుంది, పాత దినపత్రిక వుంది. లెక్కలకైతే మిరప కల్లానికి మించిన బడి లేదు. కాటా మీద టిక్కీ ఎంత తూగింది, తల్లి ఈరోజు ఎన్ని కిలోలు కోసింది, కిలోకు ఇంత అయితే వారానికి ఎంత, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సులో ఎంత తీరింది అని పిల్లవాడే లెక్క కట్టాలి. వాడికి ఎక్కం వస్తుంది, ఇంటికి మోసపోని లెక్కా వస్తుంది. కూటి కోసం కోటి విద్యలంటారు. ఆ కోటిలో ఈ ఒక్క విద్యకు చోటుండాలి.

అయితే ఇందులో ఒక మెలకువ అవసరం. చదువు పేరు చెప్పి పగలు పిల్లవాడిని కోతకు దించరాదు. పద్నాలుగేళ్ల లోపు వారిని కూలికి పెట్టుకోవడం నేరమని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం చెబుతున్నది. పచ్చి మిరప ఘాటుకు కళ్లు మండి, చేతులు కాలిన పసివాడికి సాయంత్రం అక్షరం ఎక్కదు కూడా.

ఇంటి దగ్గరే చదువు నిలిపిన దేశాలు లేకపోలేదు. ఆస్ట్రేలియాలో ఊళ్లకు వందల మైళ్ల దూరాన పశువుల క్షేత్రాల్లో వుండే పిల్లల కోసం 1951లో ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణంలో రేడియో బడి మొదలుపెట్టారు. అయ్యవారు రేడియోలో చెప్పేవారు, తల్లి పక్కన కూర్చుని దిద్దించేది. అమెరికాలో పంట కోతల వెంట ఊరూరా తిరిగే కూలీల బిడ్డల కోసం 1966లో ప్రత్యేక పథకం పెట్టారు. మహారాష్ట్రలో చెరకు కొట్టే కూలీల పిల్లలకు చక్కెర ఫ్యాక్టరీల దగ్గర 'సాఖర్ శాల'లు నడిచాయి. మన రాష్ట్రంలో 2020లో కరోనా వల్ల బడులు మూతబడినప్పుడు దూరదర్శన్‌లో పాఠాలు చెప్పించారు. అక్షరం ఇంట్లో నిలవాలంటే ఇంట్లో ఒక మనిషి పక్కన కూర్చోవాలని, బడి నుంచి ఒక దారం తెగకుండా వుండాలని ఈ అనుభవాలన్నీ చెబుతున్నాయి.

ఆ దారం పట్టుకోవలసింది బడి. కుటుంబం బయలుదేరే ముందు తల్లి గాని తండ్రి గాని ఒకసారి హెడ్మాస్టరు దగ్గరకు వెళ్లి ఫలానా ఊరికి పోతున్నామని, ఉగాదికి వస్తామని చెప్పాలి. హెడ్మాస్టరు వారిని మందలించి పంపడం వల్ల ప్రయోజనం లేదు. నాలుగు నెలల పాఠాలు ఏవో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. పాఠ్యపుస్తకం, ఒక నోటుపుస్తకం, పలక చేతికివ్వాలి. వారానికి ఒకసారి పిల్లవాడు ఫోనులో ఒక పేజీ చదివి అయ్యవారికి వినిపించే ఏర్పాటు చేసుకోవచ్చు. ఇప్పుడు ఫోను లేని కూలీ ముఠా లేదు.

తల్లిదండ్రులు తెలుసుకోవలసిన హక్కులు కూడా వున్నాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యా హక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను ఏ ప్రభుత్వ బడి కూడా కాదనరాదు. అయిదో సెక్షను కింద వేరే ఊరి బడికి మారాలంటే హెడ్మాస్టరు వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ రావడం ఆలస్యమైందన్న సాకుతో కొత్త బడి చేర్చుకోకుండా వుండరాదు. పుట్టిన తేదీ కాగితం లేదని తిప్పి పంపరాదు. సంవత్సరం మధ్యలో వచ్చారన్నా కుదరదు. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థలదేనని తొమ్మిదో సెక్షను స్పష్టంగా చెబుతున్నది. వెనకబడిన పిల్లలను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని నాలుగో సెక్షను ఉద్దేశం. అందుచేత మిరప చేలకు రెండు కిలోమీటర్ల దూరంలో బడి వుంటే పిల్లవాడిని అక్కడ కూర్చోబెట్టమని అడగడం దయ కోరడం కాదు. అక్కడ మధ్యాహ్న భోజనం కూడా దొరుకుతుంది. గుడారంలో సాయంత్రపు చదువు ఈ బడికి తోడు కావాలే గాని బదులు కారాదు.

ప్రభుత్వం చేయవలసింది ఇంకా ఎక్కువ. వలస గ్రామాల్లో సమగ్ర శిక్ష ద్వారా నడిపే సీజనల్ హాస్టళ్లు మంచి ఏర్పాటు. అవ్వాతాతలు లేని పిల్లలకు అవే దిక్కు. కాని అవి వలస మొదలైన తర్వాత తెరిస్తే లాభం లేదు. లారీ ఎక్కిన పిల్లవాడు హాస్టలు తెరిచారని దిగి రాడు. అక్టోబరులోనే ఏ గ్రామం నుంచి ఎందరు పిల్లలు పోతారో జాబితా తయారు చేసి, దీపావళికి ముందే తలుపులు తీయాలి. ఆడపిల్లలకు రాత్రి కాపలా, వంటమనిషి, మరుగుదొడ్డి సరిగ్గా వున్నాయని తల్లికి నమ్మకం కలగాలి. నమ్మకం లేకనే చాలామంది వెంట తీసుకుపోతున్నారు.

ఆ జాబితాను పోయిన జిల్లాకు కూడా పంపాలి. కోసిగి పిల్లవాడు పల్నాడులో దిగిన సంగతి అక్కడి మండల విద్యాధికారికి తెలియకపోతే వెతికేదెవరు? 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల మధ్య రేషను కార్డు ఎక్కడైనా చెల్లే ఏర్పాటు వచ్చింది. కూలీ బియ్యం ఆయన వెంట నడవగలిగినప్పుడు, బిడ్డ బడి పేరు వాడి వెంట నడవలేకపోవడానికి కారణం కనిపించదు. పోయిన ఊళ్లో కూర్చున్న రోజులను సొంత ఊరి హాజరులో కలపాలి. అమ్మ ఒడి పథకానికి 75 శాతం హాజరు నిబంధన పెట్టినప్పుడు నష్టపోయే ప్రమాదంలో పడ్డది సుగ్గికి పోయే తల్లులే. కడు పేదకు అందవలసిన సాయం ఆ పేదరికం కారణంగానే ఆగిపోవడం న్యాయం కాదు.

అసలు వలసే లేకుండా చేయాలని కొందరంటారు. ఆ మాట నిజమే. సాగునీరు వచ్చి, ఊళ్లోనే పని దొరికితే ఇల్లు విడిచి పోవాలని ఎవరికీ వుండదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది పొరుగున అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. అయినా సీమ వలసలు ఆగలేదు. కాలువలు తవ్వడానికి ఏళ్లు పడతాయి. ఏడేళ్ల పిల్లవాడు అంతకాలం ఏడేళ్లవాడిగా వుండిపోడు. నీరు వచ్చేలోగా వాడి చదువు వయసు దాటిపోతుంది.

అందుకని ఈ ఏడు సుగ్గి లారీ కదిలే ముందు గ్రామ పెద్దలు, సర్పంచులు, అయ్యవార్లు ఒక పూట కూర్చుని తమ ఊరి నుంచి పోయే పిల్లలెందరో లెక్క తీయాలి. వుండగలిగిన వారిని హాస్టలులో వుంచాలి. పోక తప్పని వారి మూటలో పలక, వాచకం పెట్టాలి. ముఠాలో చదువు చెప్పేదెవరో మేస్త్రీ ముందే తేల్చాలి. ఉగాదికి తిరిగి వచ్చిన మర్నాడే పిల్లవాడిని బడిలో దించాలి. తల్లిదండ్రులు ఎండలో మిరప కోస్తున్నది బిడ్డల కోసమే గనుక, ఆ కూలి డబ్బుతో పాటు బిడ్డ నేర్చిన అక్షరం కూడా ఊరికి తిరిగి రావాలి.