బిళ్ళ కట్టిన తాబేలు

సముద్రం చూడాలంటే మా కడపవాళ్లం కనుమలు దాటి నెల్లూరు వైపు పోవాలి. అయినా ఒక తాబేలు సంగతి నన్ను వదలడం లేదు.

2021లో ఒడిశాలోని గహిర్‌మథ తీరాన శాస్త్రజ్ఞులు ఒక ఆలివ్ రిడ్లీ తాబేలుకు 03233 అంకె గల బిళ్ళ తగిలించి వదిలారు. 2025 జనవరిలో అది ఎక్కడ తేలిందనుకున్నారు? మహారాష్ట్రలో, గుహాగర్ ఇసుకలో గుడ్లు పెడుతూ! బిళ్ళ తపాలా ముద్ర వంటిది; ఊళ్లు చెబుతుంది గాని దారి చెప్పదు. దారి ఎటో చూపింది బాగేశ్రీ. 2023లో గుహాగర్‌లోనే వీపున ఉపగ్రహానికి కబురంపే యంత్రం అంటించుకున్న ఈ తాబేలు, సింహళం చుట్టి బంగాళాఖాతం చేరింది.

అన్ని వేల మైళ్లు ఈదగల ప్రాణి మన ఒడ్డున, వలలో ఊపిరాడక చస్తోంది. గుడ్లకోసం అది వచ్చేది జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఒడిశావారు తాబేళ్లు చేరే చోట్ల నవంబరు నుంచే వేట ఆపుతారు. మన తీరమంతటికీ మరపడవల నిషేధం మొదలయ్యేది ఏప్రిల్ 15న.