ఇంటి పద్దు: బేస్ బాగా రావాలి, ధర తక్కువ కావాలి

ఈ శీర్షికలో ఇంతవరకు వడ్డీ, బీమా, నగల రుణం లెక్కలే ఎక్కువగా రాస్తూ వచ్చాను. ఈసారి పిల్లల తరఫున ఒక ప్రశ్న వచ్చింది. వత్రాప్‌లోనూ కోవిల్పట్టిలోనూ మనవాళ్ళు నలుగురైదుగురు ఒకే మాట అడిగారు: "అబ్బాయి బేస్ బాగా వచ్చే హెడ్‌ఫోన్ కావాలంటున్నాడు. ఐదు వందల్లో దొరుకుతుందా, ఐదు వేలు పోయాలా?" చదివింది బి.కాం. అయినా, ఖర్చుకు సంబంధించిన ప్రశ్న కనుక జవాబు చెప్పే బాధ్యత నాదే అనుకున్నాను.

ముందు బేస్ అంటే ఏమిటో చూద్దాం. మన చెవి సెకనుకు సుమారు 20 నుంచి 20,000 కంపనాల దాకా వినగలదు. అందులో 250 లోపు ఉన్న లోతైన నాదమే బేస్. రాజకంబళం వారి దేవరాట్టం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. దేవదుందుభి మోగితే చెవికంటే ముందు గుండెకు తెలుస్తుంది. మృదంగం ఎడమ వైపు రవ్వ ముద్ద అద్దేది కూడా ఇందుకే. చర్మం బరువెక్కితే కంపనం నెమ్మదిస్తుంది, నాదం కిందికి దిగుతుంది.

గదిలో అంత నాదం పుట్టాలంటే చాలా గాలిని కదపాలి. అందుకే తిరునాళ్ళలో స్పీకర్ పెట్టెలు బీరువాలంత ఉంటాయి. చెవి రంధ్రంలో ఉన్న గాలి మాత్రం చాలా కొంచెం. అక్కడ 10 మిల్లీమీటర్ల బిళ్ళ కదిలినా చాలు, కాని ఒక షరతు: గాలి బయటికి కారకూడదు. చెవికీ రబ్బరు తొడుగుకీ మధ్య సందు ఉంటే మొదట కారిపోయేది బేసే. కాబట్టి బేస్‌లో సగం ధరలో కాదు, బిగింపులో ఉంది. పెట్టెలో చిన్న, మధ్య, పెద్ద అని మూడు జతల తొడుగులు ఇస్తారు. చాలామంది ముందే తగిలించి ఉన్న మధ్య జతతోనే సరిపెట్టుకుని "బేస్ లేదు" అంటారు. మూడూ మార్చి చూడండి. ఒక్కో చెవికి ఒక్కో కొలత కుదరడమూ ఉంది.

ఇక కొనుగోలు లెక్క. నాలుగైదు వందల్లో తీగ ఉన్న ఇయర్‌ఫోన్ వస్తుంది. బ్యాటరీ లేదు, ఛార్జింగ్ లేదు. అదే ధరకు వచ్చే బ్లూటూత్ రకం కంటే సాధారణంగా శబ్దమూ మేలు. అయితే మీ ఫోనులో 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే టైప్-సి తీగ ఉన్నది అడగాలి. వెయ్యి, పదిహేను వందలు పెడితే తీగ లేనివి వస్తాయి. వాటిలో ఉన్న చిన్న బ్యాటరీ ఏటేటా బలం తగ్గుతుంది, దాన్ని మార్చి ఇచ్చే కొట్టు దొరకడం కష్టం. కాబట్టి తరుగుదల కలిపి చూడాలి. 1,500 రూపాయల వస్తువు రెండేళ్ళు వస్తే ఏడాదికి 750. 450 రూపాయల తీగ రకం ఏడాదిన్నర వస్తే ఏడాదికి 300. ఈ తేడాకు తగిన సౌకర్యం ఉందా అన్నది మీ ఇంటి నిర్ణయం.

పెట్టె మీద రాతలకు మోసపోకండి. "20 నుంచి 20,000 హెర్ట్జ్" అని దాదాపు అన్నిటి మీదా ఉంటుంది. ఆ హద్దుల మధ్య శబ్దం ఎంత ఎగుడుదిగుడుగా వస్తుందో చెప్పనప్పుడు ఆ అంకెకు విలువ లేదు. బిళ్ళ పెద్దదైనంత మాత్రాన బేస్ పెరగదు. ఈఎన్‌సీ అంటే ఫోనులో మాట్లాడేటప్పుడు అవతలివారికి మన చుట్టూ ఉన్న రొద తగ్గించేది. మనకు వినబడే రొద తగ్గించేది ఏఎన్‌సీ. రెండూ ఒకటే అని అమ్మేవారున్నారు. బ్లూటూత్ రకమైతే బీఐఎస్ గుర్తు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూడండి. బిల్లు తప్పక తీసుకోండి. వారంటీలో పేచీ వస్తే 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోను చేయవచ్చు.

కొట్టులో పరీక్షించడానికి తెలిసిన పాటే పెట్టమనండి. మన పొరుగు తేని జిల్లా పణ్ణైపురంలో పుట్టిన ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ ఒక పాత్రలా నడుస్తుంది. ఆ తీగ ఒక్కో స్వరమూ విడిగా వినబడితే అది మంచి బేస్. అన్నీ కలిసి "దుమ్ దుమ్" అని గాయకుడి మాటను మింగేస్తే అది ఉత్త మోత. 1950లలోని ఘంటసాల పాటలతో మాత్రం పరీక్షించకండి. ఆనాటి రికార్డులోనే లోతు తక్కువ. ఎంత ఖరీదైన హెడ్‌ఫోనూ అసలు లేనిదాన్ని తెచ్చి ఇవ్వదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పిల్లలు హెడ్‌ఫోన్ పెట్టుకునేది ఎక్కువగా బస్సులో. వత్రాప్ నుంచి శ్రీవిల్లిపుత్తూరు వెళ్ళే బస్సును తలచుకోండి. అమావాస్య నాడైతే చతురగిరి జనమూ తోడవుతారు. ఇంజిన్ రొద కూడా లోతైన శబ్దమే కనుక ముందు పాటలోని బేస్‌నే కప్పేస్తుంది. కుర్రవాడు బేస్ కోసం శబ్దం పెంచుతాడు. దాంతో పాటంతా పెరిగి చెవికి తగులుతుంది.

దీనికీ ఒక పద్దు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి పెట్టిన ప్రమాణం ప్రకారం పెద్దవారికి వారానికి 80 డెసిబెల్స్ వద్ద 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు గడువు సగమవుతుంది: 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10, 89 వద్ద 5. పిల్లలకైతే 40 గంటలకు 75 డెసిబెల్సే. బ్యాంకు ఖాతాలో తీసిన డబ్బు మళ్ళీ వేసుకోవచ్చు. లోపలి చెవిలోని సూక్ష్మ కేశకణాలు ఒకసారి పోతే మళ్ళీ మొలవవు.

కాబట్టి బాగా బిగిసే తొడుగు రెండు విధాల లాభం. బేస్ కారిపోదు, బయటి రొద లోపలికి రాదు. తక్కువ శబ్దంతోనే తృప్తి కలుగుతుంది. సంగీతం తగ్గించి విన్నప్పుడు చెవికి సహజంగానే బేస్ తక్కువగా వినిపిస్తుంది. అందుచేత బేస్ కొంచెం ఎక్కువ ఉన్న హెడ్‌ఫోన్ కోరుకోవడం తప్పు కాదు. దాన్ని తగ్గించి వినడమే తెలివి. రోడ్డు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు మాత్రం తీసేయవలసిందే.

శబ్దం వల్ల వచ్చే చెవుడు సాధారణంగా పై స్థాయి నాదాలతో మొదలవుతుంది. స, త, క వంటి హల్లులు మసకబారుతాయి. మాట వినిపిస్తుంది, అర్థం కాదు. మన ఇళ్ళలో ఇది మరీ పెద్ద నష్టం. పిల్లల బడి తమిళంలో, ఇంగ్లీషులో. తెలుగు చదవడం వచ్చినవారు తక్కువ. వారికి ఉన్న తెలుగంతా నాయనమ్మ నోట, అమ్మ నోట విని పట్టుకున్నదే. ఆ భాష లోపలికి వచ్చే దారి చెవి ఒక్కటే.

అందుకని నా సలహా: ఐదు వందల లోపు తీగ రకం కొనండి, తొడుగులు సరిచూడండి, ఫోనులోనే శబ్దానికి హద్దు పెట్టండి. అన్నం తినే వేళ ఇంట్లో ఎవరి చెవిలోనూ ఏదీ ఉండకూడదని ఒక కట్టుబాటు చేసుకోండి. అది పెద్దలకూ వర్తిస్తుంది. వచ్చే సంచికలో కాలేజీ రుణాల సంగతి రాస్తాను. సెలవు.