ముందు గది, తరువాత యంత్రం

ఇంట కూర్చుండి పాట వినేటప్పుడు మనకు రెండు శబ్దాలు వినిపిస్తాయి. ఒకటి లౌడ్ స్పీకరు నుండి సూటిగా చెవికి చేరేది. రెండవది గోడలకు, నేలకు, పైకప్పుకు తగిలి మరలి వచ్చేది. మొదటిదానికై మనం ధనం వెచ్చిస్తున్నాము. రెండవదానిని గూర్చి ఆలోచించడం లేదు. ఈ అశ్రద్ధ మధ్యతరగతి కుటుంబాలకు వృథావ్యయంగా పరిణమిస్తున్నదని మా అభిప్రాయం.

మా పూర్వ విద్యార్థి ఒకడు తొలి జీతాలలో మిగిల్చిన సొమ్ముతో స్పీకర్ల జత కొన్నాడు. గజల్ పెడితే తబలా డగ్గా ఉరుమువలె మ్రోగుతున్నదట. గాయకుని మాట తెలియడం లేదట. వాటిని అమ్మి, అప్పు చేసి, మరింత ఖరీదైనవి కొనదలచి మా సలహా అడిగాడు. వెళ్ళి చూచాము. 4 మీటర్ల పొడవు గల గది. నున్నని టైల్స్ నేల, బోసి గోడలు, స్పీకర్లు రెండు మూలల్లో, కుర్చీ వెనుక గోడకు ఆనించి ఉన్నవి. దోషం స్పీకర్లలో లేదనిపించింది.

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. కనుక 4 మీటర్ల గదిలో సుమారు 43 హెర్ట్జ్ మంద్రస్వరం యొక్క అర్ధతరంగం గోడ నుండి గోడకు సరిగా ఇముడుతుంది. ఆ స్వరం గోడల దగ్గర ఉబ్బుతుంది. గది నడుమ దాదాపు మాయమవుతుంది. దానికి రెట్టింపైన 86 హెర్ట్జ్ వద్ద కూడా గోడ దగ్గర కూర్చున్నవానికి ఇదే బాధ.

దీనికి నేడు కంప్యూటర్ చికిత్స కలదు. శ్రోత తల ఉండే చోట మైకు నిలిపి, 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు సాగే స్వరాన్ని స్పీకర్లచేత పలికిస్తారు. గది చేసిన మార్పును సాఫ్ట్‌వేర్ లెక్కకట్టి, ఉబ్బిన స్వరాలను ఆ మేరకు తగ్గిస్తుంది. స్వీడన్‌లో రూపొందిన డిరాక్ వంటివి వెల పెట్టి కొనవలసినవి. కొలతలకు ఉపకరించే ‘రూమ్ ఈక్యూ విజార్డ్’ ఉచితంగానే లభిస్తుంది. ఇట్టి సవరణ సంగీతాన్ని కల్తీ చేస్తుందని కొందరు పెద్దల ఆక్షేపణ. కల్తీ చేసినది అంతకుముందే గది గదా!

అయితే సాఫ్ట్‌వేర్ సర్వరోగనివారిణి కాదు. తరంగాలు పరస్పరం రద్దయి స్వరం మాయమైన చోట ఎంత శక్తి పెంచినా ఫలితం స్వల్పం. సూటి శబ్దంతోపాటు ప్రతిఫలించినదీ పెరిగి మరల రద్దవుతుంది. 10 డెసిబెళ్ళు పెంచాలంటే ఆంప్లిఫయరు పది రెట్ల శక్తి ఇవ్వాలి. బోసి గోడల మధ్య మాట గింగురుమనడాన్ని కూడ లెక్కలతో తుడిచివేయలేము.

ఈ సత్యం ఒక కళాశాలలోనే బయటపడినది. 1895లో హార్వర్డ్‌లోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో మాట అర్థం కావడం లేదని, దానిని బాగుచేసే పని వాలస్ సాబిన్ అనే యువ భౌతికశాస్త్ర ఉపాధ్యాయునికి అప్పగించారు. అక్కడ ఒక శబ్దం అణగిపోవడానికి సుమారు 5.5 సెకన్లు పట్టేది. ఆయన మరొక శాల నుండి ఆసనాల మెత్తలు తెప్పించి, రాత్రివేళ ఆర్గన్ గొట్టం మ్రోగించి కాలం కొలిచాడు. మెత్తలు పెరిగిన కొద్దీ మ్రోత తగ్గింది. 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలు ఆయన లెక్కల సహాయంతోనే నిర్మితమైనది.

మా విద్యార్థి ఇంట మేము చేసినదీ అదే. స్పీకర్లను మూలల నుండి జరిపాము. కుర్చీని ముందుకు లాగాము. నేలపై జంపఖానా, గోడకు దళసరి పరదా, ఒక ప్రక్క పుస్తకాల బీరువా చేర్చాము. ఆ పిదపనే కొలిచి, మిగిలిన ఉబ్బును సాఫ్ట్‌వేర్‌తో సరిచేశాము. మాట స్పష్టమైంది. అప్పు తప్పింది.

మన కళాశాల సభామందిరంలో వెనుక బెంచీల వారికి ఉపన్యాసం సరిగా వినిపించదని విద్యార్థులు ఏటేటా చెప్పుకుంటున్నారు. క్రొత్త స్పీకర్లు కొనడానికి ముందు ఒక్కనాడు అక్కడ మైకు నిలిపి కొలవవలసినదిగా కమిటీ పెద్దలకు మా మనవి. మన భౌతికశాస్త్ర విద్యార్థులు ఆ పని సంతోషంగా చేయగలరు. పరదాల ఖర్చుతో తీరే లోటుకు యంత్రాల ఖర్చు పెట్టడం వివేకం కాదు.